ఉంటానని చెప్పు

"ఇదిగో, మీవాళ్ళ బట్టలు" అంటూ భర్త ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి, అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల పక్కన పడేశాడు.

ఆమె మాడిన పాలగిన్నె గోకుతోంది. పాలు పొయ్యి మీద పెట్టింది అత్తగారు, ఫోన్లో కబుర్లలో పడి మరిచిపోయిందీ అత్తగారే, "పాలు మాడబెట్టేశావా?" అని అనిపించుకున్నది మాత్రం కోడలు. ఇలాంటివి ఈ ఇంట్లో కొత్తేం కాదు కనుక ఆమె గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని సంచీ విప్పింది. చెమట వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. ఒక్కరి చెమట కాదు, ఎంతమందిదో. పులిచారల గుడ్డతో కుట్టిన పొట్టి లంగా, దాని అంచునంతా ప్లాస్టిక్ గవ్వలు. చంకల్లో తెల్లటి మరకలు కట్టిన జాకెట్టు. రంగు పూసిన కోడి ఈకల తలపట్టీ, అందులో విరిగిన ఈకని ఎవరో నల్లదారంతో కట్టారు. అన్నిటికంటే అడుగున, రెండు ముక్కలుగా ఊడదీసి పెట్టిన చెక్క బల్లెం.

"మార్కెట్ వెనకాల నాటకాల సామాన్లు అద్దెకిచ్చే షాపు ఉంది కదా, అక్కడ తెచ్చా" అన్నాడు అతను, పెద్ద ఘనకార్యం చేసినట్టు. "బల్లెం ఊరికే ఇచ్చాడు. రేపు ఇంటర్వ్యూకి ఇవి వేసుకో. చూడగానే ఆదివాసీవని తెలియాలి. మామూలు బట్టల్లో వెళితే నువ్వూ మాలాగే ఉంటావు. ఇక స్కాలర్‌షిప్ ఎవడిస్తాడు?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె గానీ, ఆమె తల్లి గానీ, వాళ్ళ ఊళ్ళో ఏ ఆడమనిషి గానీ ఇలాంటి వేషం వేసి ఎరగదు. ఆమె తండ్రి ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ నలిగితే వీధిలోకి వచ్చేవాడు కాదు. ఆయన ఈ సంచీ చూస్తే ముందు ముక్కు మూసుకుని, తర్వాత అల్లుడికి మతి పోయిందేమోనని దిగులు పడేవాడు. కానీ ఆమెకి రోత పుట్టింది ఆ బట్టల్ని చూసి కాదు. 'నువ్వూ మాలాగే ఉంటావు' అన్నాడే, ఆ మాటకి. వాళ్ళలాగే ఉండాలని పదేళ్ళకు పైగా ఈ ఇంటివాళ్ళు ఆమెలో చెక్కని చోటు లేదు. తీరా అలాగే తయారయ్యాక ఇప్పుడు అదే అడ్డమట.

అప్పట్లో వాళ్ళ ఊరికి కరెంటు స్తంభాలు వేయడానికొచ్చిన మనుషుల్లో అతనొకడు. ప్రేమించే చేసుకున్నాడు, అందులో అబద్ధమేం లేదు. కాకపోతే ఆ ప్రేమని, అప్పిచ్చినవాడు నోటు చూపించినట్టు, అప్పుడప్పుడూ బయటికి తీసి చూపిస్తుంటాడు. "నీకోసం మావాళ్ళందర్నీ ఎదిరించాను, తెలుసా?" అంటాడు. కూరలో ఉప్పెక్కువైనా అదే మాట, ఆమె ఒంట్లో బాగాలేదని పడుకున్నా అదే మాట. ఎదిరించడం అతని వంతు, ఆ ఎదిరించబడినవాళ్ళకి జీవితాంతం వండిపెట్టడం ఆమె వంతు. అత్తగారు చుట్టుపక్కలవాళ్ళకి "మా కోడలిది కొంచెం దూరపు ఊరు" అని చెప్పేది. ఎంత దూరమని ఎవరైనా ఆరా తీస్తే "చాలా దూరం లెండి" అని మాట తప్పించేది. ఆమె తన తల్లితో ఫోన్లో తమ భాషలో మాట్లాడుతుంటే "ఆ కిచకిచలు హాల్లో వద్దమ్మా, ఎవరైనా వస్తారు" అనేది. అందుకని స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కన్నతల్లితో మాట్లాడటం అలవాటైంది. అప్పుడు నీళ్ళు దండగ అవుతున్నాయని అత్తగారు తలుపు కొట్టేది. పిల్లలు కలగలేదు. లోపం ఎవరిలో ఉందో డాక్టరు చీటీ మీద రాసి మరీ ఇచ్చాడు. ఆ చీటీ చదివిన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ చదువు రాదు.

ఆమె పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. పనిముట్లు మరిగించడం, రోగులు ఉమ్మిన పళ్ళేలు కడగడం, డాక్టరు చెయ్యి చాచగానే ఏది కావాలో అది అందించడం. ఈ పనులు ఆమెకి రోత కాదు. ఎవరి నోట్లోని రక్తమైనా కడిగితే పోతుంది. రోత పుట్టించేది మరొకటుంది. రోగి ఎవరైనా పళ్ళు పాడు చేసుకుని వస్తే డాక్టరు ఆమెని కుర్చీ దగ్గరికి పిలిచేవాడు. "ఏదీ, నోరు తెరువమ్మా" అనేవాడు. ఆమె తెరిచేది. ఆయన చిన్న అద్దం లోపలికి పెట్టి "చూశారా, ఒక్క పుచ్చు లేదు. అడవి సరుకు!" అని నవ్వేవాడు. రోగీ నవ్వేవాడు. సంతలో గొడ్డుని కొనేవాళ్ళు కూడా పళ్ళు చూసేటప్పుడు ఇంతలా నవ్వరు. మొదటిసారి అలా జరిగినప్పుడు ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. "మెచ్చుకున్నాడన్నమాట, దానికి ఏడుపెందుకు?" అన్నాడు. ఆ తర్వాత చెప్పడం మానేసింది.

ఆ క్లినిక్‌లో ఆమెకి ఇష్టమైన చోటు ఒకటే, వెనక గదిలో అచ్చులు ఆరబెట్టే బల్ల. రోగి నోటి కొలత తీసి, ప్లాస్టర్ పోసి, ఆ అచ్చుని కట్టుడు పళ్ళు చేసే చోటికి పంపుతారు. పని తెమిలాక ఆమె ఆ అచ్చుల ముందు నిలబడేది. ఈయన ఎడమవైపే నములుతాడు, ఈవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుంది అనుకుంటూ వేలితో తడిమి చూసుకునేది. పళ్ళు తయారుచేసే చదువు ఒకటుందని, తనలా పన్నెండో తరగతి పాసైతే చాలని, అది ఊరి చివర కాలేజీలో ఉందని అచ్చులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తెలిసింది. అక్కడి నోటీసు బోర్డు మీదే ఆ స్కాలర్‌షిప్ సంగతీ చూసింది.

అది చనిపోయిన ఒక పిల్ల పేరు మీద పెట్టింది. ఆ పిల్లా ఆదివాసీయే, ఆ కాలేజీలోనే చదివింది. హాస్టల్‌కి స్తోమత లేక దూరపు బంధువుల ఇంట్లో ఉండేదట. ఉండనిచ్చినందుకు ఆ ఇంటి చాకిరీ అంతా చేసి, తెల్లారకుండానే కదిలే బస్సెక్కి క్లాసుకి వచ్చేది. ఒకరోజు బస్సు మెట్టు మీద నిలబడి కునుకు పట్టి పడిపోయింది. కూతురి చావుకి ఇచ్చిన పరిహారాన్ని తల్లి ముట్టుకోలేదు. తీసుకొచ్చి కాలేజీకి ఇచ్చి, మా పిల్లల్లో ఏడాదికొకరిని చదివించండి అంది. ఆ తల్లి పెట్టిన షరతు ఒక్కటే. ఫీజుతో పాటు ఆడపిల్లల హాస్టల్లో ఒక గది ఇస్తారు, తీసుకున్న పిల్ల చదువైపోయేదాకా ఆ గదిలోనే ఉండాలి. ఇంకొకరి ఇంట్లో పని చేస్తూ చదవకూడదు.

నోటీసు చదివి ఆమె అక్కడే బెంచీ మీద కాసేపు కూర్చుండిపోయింది. గది అనే మాట దగ్గర చూపు ఆగిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆమెకంటూ మూసుకోగలిగిన తలుపు స్నానాలగదిదే.

ఇంట్లో చెబితే ముందు గొడవైంది. "ఈ వయసులో చదువేమిటి?" అని అత్తగారు. "చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అని భర్త. ఆ స్కాలర్‌షిప్ కింద ఫీజు కాక చేతిఖర్చుకి నెలనెలా కొంత ఇస్తారని మరిది ఎక్కడో కనుక్కొచ్చాడు. దాంతో గొడవ చల్లారింది. ఇన్నాళ్ళూ దూరపు ఊరి కోడలు ఉన్నట్టుండి ఆదివాసీ అయింది. "కాలేజీవాళ్ళకి తెలిస్తే తప్పేం లేదులే, వాళ్ళేమీ మన వీధివాళ్ళు కాదుగా" అని అత్తగారు తీర్పు చెప్పింది. గది సంగతి వచ్చేసరికి మాత్రం ముగ్గురూ ఒక్కటయ్యారు.

"హాస్టల్లో ఉంటే ఇంట్లో వంటెవరు చేస్తారు?" అంది అత్తగారు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

హాస్టల్ అనే మాట ఈ ఇంటికి కొత్తది కాదు. మరిది మూడేళ్ళు హాస్టల్లోనే చదివాడు. అప్పుడు ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. ప్రతి ఆదివారం వాడు మాసిన బట్టల మూట తెచ్చి గుమ్మంలో పడేసి, తిని, పడుకుని, ఉతికి మడతపెట్టినవి పట్టుకుపోయేవాడు. వారమంతా మూటలో మగ్గిన ఆ మేజోళ్ళు విప్పుతుంటే ఆమెకి డోకు వచ్చేది. వాడు పాసైన రోజు అందరూ వాడి భుజం తట్టారు. వాడు ఆమెతో "వదినా, ఇక మీకు ఆదివారాలు సెలవు" అన్నాడు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు.

ఆ మరిదే ఇప్పుడు ఉపాయం చెప్పాడు. "ఉంటానని చెప్పు వదినా, అంతే. గది తీసుకుని తాళం వేసుకో. క్లాసవగానే ఇంటికొచ్చేయ్. రాత్రిళ్ళు వచ్చి మంచం మీద ఎవరున్నారో చూస్తారా ఏంటి?"

"నిజమే. ఉంటానని చెప్పు" అన్నాడు భర్త. "సాయంత్రం టీ వేళకి ఇంట్లో ఉంటావు. ఎవరికీ నష్టం లేదు." కాసేపు ఆలోచించి "ఆ గది ఎవరికైనా అద్దెకిస్తే?" అని కూడా అన్నాడు. ఆడపిల్లల హాస్టల్ అని మరిది గుర్తుచేస్తే నాలుక కరుచుకున్నాడు.

దరఖాస్తుతో పాటు తన గురించి ఒక పేజీ రాసివ్వాలి. ఆ పేజీ కూడా మరిదే రాశాడు. చదివేవాళ్ళకి కళ్ళనీళ్ళు రావాలన్నాడు. అందులో ఆమె తండ్రి తాగుబోతయ్యాడు, తల్లి దుంపలు తవ్వుకుని బతికింది, చెల్లెలు ఆకలికి చచ్చిపోయింది. ఆమెకి చెల్లెలే లేదు. తండ్రి టీ కూడా తాగేవాడు కాదు, పళ్ళు పచ్చబడతాయని. "మా నాన్న గురించి ఇలా రాయొద్దు" అంటే మరిది విసుక్కున్నాడు. "ఆయన చదువుతాడా ఏంటి వదినా? మంచివాడని రాస్తే వీళ్ళకేం కావాలి?" ఆమె ఆ కాగితం చించి పొయ్యిలో పెట్టింది. తెల్లారాక క్లినిక్ వెనక గదిలో కూర్చుని, కట్టుడు పళ్ళ పని తనకి ఎందుకు ఇష్టమో అరపేజీ రాసి పంపింది. ఇంట్లో మాత్రం మరిది రాసిందే పంపానని చెప్పింది. అబద్ధం చెప్పడం వాళ్ళ దగ్గరే నేర్చుకుంది మరి.

ఇంటర్వ్యూ రోజు కాలేజీ బాత్‌రూమ్‌లో ఆ బట్టలు వేసుకుంది. వేసుకోనని పొద్దున చెప్పి చూసింది. "నీకోసం తిరిగి తిరిగి తెచ్చాను, ఆ మాత్రం చెయ్యలేవా? వేసుకోకపోతే సంతకం పెట్టను, పో" అన్నాడు. పెళ్ళైన ఆడవాళ్ళయితే భర్త వచ్చి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలని కాలేజీ నియమం. అందుకని వేసుకుంది. లంగా మోకాళ్ళు దాటలేదు. జాకెట్టు లోపల ఇంకెవరి చెమటో ఎండి గరగరలాడుతోంది. అద్దంలో చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ షాపువాడి మీద, భర్త మీద, ఈ సంతకం నియమం పెట్టినవాడి మీద వేసిన అసహ్యమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చదువు కావాలంటే ఇంత దిగజారాలా అనుకుంది. ఆ వెంటనే, ఇంత దిగజారాక చదువు కూడా రాకపోతే ఎలా అనుకుంది. బల్లెం మాత్రం కావాలనే బాత్‌రూమ్ గుమ్మంలో వదిలేసి వస్తే, భర్త దాన్ని తీసి తనే పట్టుకుని లోపలికి వచ్చాడు.

గదిలో పొడవాటి బల్ల వెనక ప్రిన్సిపాల్, పక్కన ఆఫీసు గుమాస్తా, ఒక చివర ఒక ముసలామె. "అబ్బ, ఎంత సహజంగా ఉందో చూశారా!" అని ప్రిన్సిపాల్ కుర్చీలోంచి సగం లేచాడు. గుమాస్తాని ఫొటో తీయమన్నాడు. "బల్లెం కూడా ఉందా? భేష్. కాస్త ఎత్తి పట్టుకోమ్మా." భర్త అందిస్తే ఆమె ఎత్తి పట్టుకుంది. నవ్వమన్నాడు. నోరు తెరిచి పళ్ళు చూపించడం ఆమెకి అలవాటే కనుక చూపించింది.

ముసలామె నవ్వలేదు, లేవలేదు. మామూలు నూలు బట్టల్లో ఉంది, మెడ చుట్టూ చిన్న కండువా, ఒళ్ళో గుడ్డసంచీ. చనిపోయిన పిల్ల తల్లి ఆమేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. గోడ మీది ఫొటోలో పిల్లకి అదే నుదురు. ఫొటో తీయడం అయ్యేదాకా ఆమె ఓపిగ్గా చూసింది. తర్వాత తమ భాషలో, బజారులో ఎదురైన పక్కింటి పిల్లని పలకరించినట్టు అడిగింది.

"ఆ ఈకలు ఏ కోడివి పిల్లా?"

ఆమె మనుషుల మధ్య, కుళాయి చప్పుడు లేకుండా ఆ మాటలు విని ఎన్నేళ్ళయిందో.

"తెలీదమ్మా. షాపు కోడివి."

ముసలామె పకాలున నవ్వింది. ఒళ్ళంతా కదిలేలా నవ్వి, కండువా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా పిల్ల ఫొటో పెట్టిన రోజు నాకూ ఇదే తొడిగారు. వాళ్ళు నా పిల్ల గురించి ఉపన్యాసాలు దంచుతుంటే నేను గోక్కుంటూ కూచున్నాను. ఏడవడానికి కూడా తీరలేదు." నవ్వు ఆపి ముందుకి వంగింది. "అది పోనీ. మొన్నటి ఏడు ఒక పిల్ల గది తీసుకుని తాళం వేసి పోయింది. వాళ్ళ వదినగారింట్లో అంట్లు తోముతూ సగంలో చదువు మానేసింది. నీ సంగతేంటి? ఉంటానని చెప్పమని ఈయన నీకు నేర్పించి తెచ్చాడా?"

భర్త బల్లెం తిరిగి తీసుకుని, పక్క కుర్చీలో నిలబెట్టుకుని కూర్చున్నాడు. పదేళ్ళకు పైగా కాపురం చేసి ఆమె భాషలో ఒక్క ముక్క నేర్చుకోని మనిషి. ముసలామె తనవైపు చూసిందని గమనించి వినయంగా నవ్వి తలూపాడు. అవును, నేర్పించాను అన్నట్టే ఉంది ఆ ఊపడం. ఆమెకి నవ్వొచ్చింది.

"నేర్పించాడమ్మా. అబద్ధమే చెప్పమన్నాడు. గది తీసుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చి వండాలని ముగ్గురూ కలిసి మాట్లాడుకున్నారు. నేనూ సరేనన్నాను. ఇంటి దగ్గర్నుంచి అదే చెప్పాలని వచ్చాను." లంగా అంచు పట్టుకుని కిందికి లాక్కుంది. ప్లాస్టిక్ గవ్వలు టకటకమన్నాయి. "కానీ అబద్ధం చెప్పను. గదిలోనే ఉంటాను. ఆ ఇంట్లో అందరి ఎంగిలీ కడిగాను. నాకు వాళ్ళ మీద కోపం కూడా రావడం లేదు, రోత పుడుతోంది. వాళ్ళు తిని వదిలేసిన పళ్ళేల మీద కాదు, వాళ్ళ మాటల మీద. నువ్వు ఇచ్చినా ఇవ్వకపోయినా ఈ మాట ఎవరితోనో ఒకరితో అనాలి."

"ఇల్లు ఊరుకుంటుందా?"

"ఊరుకోదు."

"మరి?"

"అరవనీ. అక్కడి నుంచి గదిలోకి వినపడదుగా."

ప్రిన్సిపాల్ ఇబ్బందిగా కదిలి "ఏమంటోందమ్మా?" అని అడిగాడు.

"గదిలో ఉంటానంటోంది" అంది ముసలామె, అందరికీ తెలిసే భాషలో. "ఈ పిల్లకే ఇవ్వండి."

"ఉంటుందండీ, తప్పకుండా ఉంటుంది" అని భర్త అడక్కుండానే అందుకున్నాడు. "నేను హామీ." గుమాస్తా కాగితం ముందుకి జరిపాడు. చదువు పూర్తయ్యేవరకు నా భార్య హాస్టల్లో నివసించుటకు నాకు సమ్మతమే అని ఉంది అందులో. అతను బల్లెం గోడకి ఆనించి, వంగి, పేరు కింద గీత కూడా గీసి సంతకం పెట్టాడు. ఆమె ఆ గీత ఎండేదాకా చూసింది.

వరండాలోకి రాగానే అతను పట్టలేక "భలేదానివే! ముసలిదాన్ని ఎలా పడగొట్టావసలు?" అన్నాడు. "ఆమె మొహం చూశావా? పూర్తిగా నమ్మేసింది. నాకు అర్థం కాకపోయినా నేనే నమ్మేసేలా ఉన్నాను. అంతసేపు ఏం చెప్పావే?"

ఆమె తలపట్టీ తీసి బెంచీ మీద పెట్టింది. నుదురు చుట్టూ ఎర్రగా వాత తేలింది. దాన్ని అరచేత్తో రుద్దుకుంది.

"గదిలోనే ఉంటానని చెప్పాను. సోమవారం నుంచి. వంటా, బట్టలూ మీరూ అత్తయ్యా చూసుకోవాలి."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే అటూ ఇటూ చూశాడు. వరండా ఖాళీగా ఉంది. "ఇక్కడెవరూ లేరుగా, ఇంకా నటనెందుకు?"

"ఎవరూ లేరనేగా చెబుతున్నాను" అంది ఆమె. "నలుగురిలో చెబితే మీ పరువేం కాను?"